నేలగువ్వ తగిలిన అద్దం

ఆయన అద్దాలు బిగించే మనిషి. వీధిలో అందరూ అద్దాలాయన అనేవారు. పని నేర్పింది మేనమామ. అద్దం ఉన్నట్టు తెలియకపోవడమే మంచి అద్దానికి గుర్తని ఆ మేనమామ బాగా తలకెక్కించాడు. అందుకే బిగించాక మెత్తటి గుడ్డతో తుడిచి, దూరం జరిగి, కళ్ళు చికిలించి చూసుకునేవాడు. తను బిగించిన తలుపుకి ఎవరైనా నుదురు కొట్టుకుంటే పైకి అయ్యో అన్నా లోలోపల పొంగిపోయేవాడు. ఆ సంగతి కలిసి ఉండే అక్కకి తెలుసు. ఆవిడ బట్టలు కుట్టేది. మాట కూడా సూదిలాగే ఉండేది.

ఊరవతల అడవి అంచున ఒక ముసలావిడ అతిథిగృహం కట్టించింది. భోజనాల గదిలో అడవివైపు గోడంతా అద్దమే. అంత పెద్దది ఆయన అంతకుముందెప్పుడూ బిగించలేదు. లోపల కూర్చుంటే చెట్ల మధ్యే కూర్చున్నట్టుండేది.

వానలు మొదలయ్యాక ముసలావిడ కబురు పెట్టింది, అద్దం మీద ఏదో మరక పడింది, వచ్చి చూడమని. వెళ్ళి చూసి నిలబడిపోయాడు. మోకాలెత్తున విప్పిన రెక్కలు, ఛాతీ, పక్కకు తిరిగిన తల, ఒక పక్షి మొత్తం తెల్లటి పొడితో అచ్చుపడి ఉంది. ఈకల్లో ఉండే సన్నటి పొడి అది. కింద రాలుటాకుల్లో ఆకుపచ్చ రెక్కల గువ్వ ఒకటి ముక్కు తెరుచుకుని కూర్చుంది.

వంటావిడ బయటికొచ్చి చెప్పింది. అవి నేలగువ్వలట. రోజంతా చెట్ల కింద నడుస్తూ రాలిన గింజలు ఏరుకుంటాయి. బెదిరితే మాత్రం నేలకి దగ్గరగా బాణంలా దూసుకుపోతాయి. అద్దంలో అడవి కనబడితే అదీ దారే అనుకుంటాయి.

“ఇది బతికింది. ముందు పడ్డవాటిని వంటింటి వెనక పూడ్చిపెట్టానయ్యా,” అంది.

ఆయన అద్దాలు తుడిచే గుడ్డ బయటికి తీశాడు. గువ్వను అందులో చుట్టి ఇంటికి తెచ్చాడు.

అక్క దాన్ని కుట్టుమిషను పక్కన అట్టపెట్టెలో పెట్టింది. మర్నాటికల్లా అది పెట్టె దిగి, తనిఖీకొచ్చిన అధికారిలా మంచాల కింద తిరిగింది. దారపు ముక్కల్ని పొడిచి చూసింది. ఎగిరే ఊసే ఎత్తలేదు.

“ఒరే, రెక్కలు పెట్టుకుని ఈ నడకేమిట్రా దీనికి?” అని నవ్వింది అక్క. సూదిలో దారం ఎక్కిస్తూ, “నీ అద్దం బాగా కుదిరింది లేరా. అడవిలో పుట్టినదాన్నే మోసం చేసింది,” అంది.

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. ఆ పూట సరిగా తినలేదు.

గువ్వ తేరుకున్నాక తీసుకెళ్ళి చెట్ల కింద వదిలాడు. అది ఎగరకుండా ఆకుల మీద తాపీగా నడుచుకుంటూ పోయింది. ఆయన తిన్నగా ముసలావిడ దగ్గరికెళ్ళి, అద్దం కింది భాగాన్ని బయటివైపు రుద్ది మసకబారుస్తానన్నాడు. ఆవిడ తెల్లబోయింది. అడవి కనబడాలనే కదా ఇంత అద్దం పెట్టించింది అంది.

“కూర్చున్నవాళ్ళ కళ్ళ ఎత్తు నుంచి పైదంతా మీదేనమ్మా. కిందది వాటికి వదిలేయండి.”

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. ముందు సబ్బు పూసి చూడమంది. వాన కడిగేసినప్పుడల్లా ఆయన సైకిలేసుకుని వచ్చి మళ్ళీ పూసేవాడు. సొంత పనిని సొంత చేత్తోనే పాడుచేసుకుంటున్నాడని తోటి పనివాళ్ళు ఆటపట్టించారు. వానలు వెలిసేదాకా ఒక్క గువ్వ కూడా పడలేదని వంటావిడే యజమానురాలికి చెప్పింది.

“సరే, రుద్దేయండి. తిరగలేక మీ ఒళ్ళు హూనమవుతోంది,” అంది ముసలావిడ.

గరుకురాయి పట్టుకుని ఆయన అద్దం ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. మొదటి గీత పడ్డప్పుడు తన చర్మమే గీసుకుపోయినట్టయింది. తర్వాత చెయ్యి అలవాటుపడింది.

ఎండాకాలంలో ఒక గువ్వ పై అద్దానికి తగిలి చచ్చిపోయింది. దాన్ని పూడ్చడానికి ఆయనే వెళ్ళాడు. అప్పట్నించి ఎవరు పనికి పిలిచినా, కొలతలు తీసేముందు ఎదురుగా చెట్లున్నాయేమో బయటికెళ్ళి చూసొచ్చేవాడు.

ఒకసారి అక్కను కూడా ఆ అతిథిగృహానికి తీసుకెళ్ళాడు. భోజనాల గదిలో కూర్చుంటే, మసక అద్దం వెనక చిన్న చిన్న నీడలు తలలాడిస్తూ అటూ ఇటూ నడుస్తున్నాయి. వంటావిడ తెచ్చిచ్చిన టీ చల్లారిపోతున్నా అక్క వాటినే చూస్తూ ఉండిపోయింది.