చెప్పులు వదిలి దిగిన లోయ

మాచర్ల దాటి అడవి వైపు పోతే, మా అత్తగారింటి ఇలవేల్పు ఒక లోతైన లోయ అడుగున ఉంటుంది. అక్కడికి దిగాలంటే పైన అంచు దగ్గరే చెప్పులు వదిలేయాలి. అక్కణ్ణుంచి అమ్మవారి పొలిమేరట. ముసలివాళ్ళకీ మినహాయింపు లేదు, పసివాళ్ళకీ లేదు. ఈ పద్ధతి పెట్టిన మహానుభావులు మా ఆయనకు షుగర్ వస్తుందనీ, అరికాళ్ళు మొద్దుబారతాయనీ కలగన్నారా ఏమన్నానా?

ఏడాదికి పైగా ఆయన పాదాలకు వేడీ తెలియదు, ముల్లూ తెలియదు. ఒకసారి చెప్పులో మేకు దిగి రక్తం కారుతుంటే, నేను చూసి చెబితే గానీ ఆయనకు తెలియలేదు. నరసరావుపేటలో డాక్టరు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా తిరగనివ్వద్దు, పుండు పడితే మానదు, మానకపోతే ముందు వేలు తీసేయాలి, తర్వాత పాదం. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఆయనకు మాత్రం ఒకటే పట్టింపు, ఈ సంగతి తన వాళ్ళ చెవిన పడకూడదు. కాళ్ళు పోయినా ఫరవాలేదు, పరువు పోకూడదు.

మొన్న వేసవిలో మా ఆడపడుచు కొడుక్కి పుట్టెంట్రుకలు తీయించాలన్నారు. లేకలేక పుట్టిన పిల్లవాడు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే గానీ కత్తెర పడదు కాబట్టి ఆయన దిగక తప్పదు.

"పొద్దున్నే దిగి, ఎండెక్కేలోపు పైకొచ్చేద్దాం. నీ గోలేంది?" అన్నాడు.

దిగేటప్పుడు రాళ్ళు చల్లగానే ఉన్నాయి. కానీ మనవాళ్ళ పని అనుకున్న వేళకు ఎప్పుడైంది గనక? మంగలి బండి పంక్చరై ఆలస్యంగా వచ్చాడు. పిల్లవాడు గుక్కపెట్టి ఏడుస్తూ సగం గుండుతో తల్లి దగ్గరికి పారిపోయాడు. పొంగలి పొంగాలి, కోడి ఉడకాలి. పైకి పట్టుకెళ్ళి తిందామంటే కుదరదు. అక్కడ వండింది అక్కడే తినాలి, ఒక్క మెతుకు కూడా గట్టెక్కకూడదు. అందరూ తీరిగ్గా తింటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. వాగు పక్కనున్న కాస్త నీడా కొండ మొదట్లోకి జరిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

"చల్లబడ్డాక ఎక్కుదాం అత్తయ్యా" అన్నాను.

"అందాకా ట్రాక్టరు వాడు ఆగుతాడా? పొద్దున్నుంచీ చూస్తన్నా, తొందర తొందరని చంపావు. ఇప్పుడేమో ఆగుదామంటన్నావు. ఏందమ్మా నీ వరస?" అంది మా అత్తగారు.

"పోనీ ఎవరినన్నా పంపి ఆయన చెప్పులు తెప్పిద్దాం."

"అమ్మోరి దారిలో చెప్పులా? నోరు కడుక్కో ముందు."

ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. నోరు మూసుకున్నాను.

దారంతా నాపరాయి పలకలు. పెనాలు పరిచినట్టు కాలుతున్నాయి. అందరం ఒక నీడ నుంచి ఇంకో నీడకు గెంతుతూ ఎక్కుతున్నాం. ఆయనొక్కడే మేనల్లుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని, పొలం గట్టు మీద పోతున్నట్టు నిదానంగా నడుస్తున్నాడు. పిల్లవాడి గుండు మీద తువ్వాలు జారితే, సర్దడానికి ఎండలో బండ మీదే నిలబడిపోయాడు. అదే బండ మీద నేను కాలు మోపి వెంటనే తీసేశాను. నా కాలు చురుక్కుమన్నప్పుడల్లా ఆయన కాళ్ళ వంకే చూశాను.

"చూడు వదినా, అమ్మోరు అన్నయ్యను ఎంత చల్లగా చూస్తందో. కాళ్ళే కాలట్లా" అని ఆడపడుచు లెంపలేసుకుంది. మా అత్తగారు చేతులెత్తి మొక్కింది. ఈయనగారు నవ్వాడు. నిజంగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సగం ఎక్కాక, ఆయన కాలు తీసిన చోట బండ మీద తడి మరకలు కనిపించాయి. చెమటేమో అనుకుని వంగి వేలితో ముట్టుకున్నాను. జిగటగా ఉంది. బొబ్బలు లేవడం, పగలడం కూడా అయిపోయింది.

"ఆగవయ్యా" అన్నాను. ఆగలేదు. పరిగెత్తి చొక్కా పట్టుకుని రాతి నీడలోకి లాగాను.

"నలుగుర్లో ఏందే ఇది?" అని పళ్ళు నూరాడు.

"అత్తయ్యా, ఈయన కాళ్ళకు స్పర్శ లేదు. ఏడాది దాటింది. షుగర్ వల్ల. అమ్మోరూ కాదు, ఏమీ కాదు. అరికాళ్ళు ఊడిపోతన్నాయి ఇక్కడ" అనేశాను.

ఆయన మొహం నల్లగా మాడిపోయింది. మా అత్తగారు బిందెలో మిగిలిన నీళ్ళతో తువ్వాళ్ళు తడిపి, వంగి, తన చేతులతోనే కొడుకు కాళ్ళకు చుట్టింది. మా మరుదులు ఇద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు. మిగతా దారంతా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను వెనకే, ఆ తువ్వాళ్ళ మీద నుంచి కళ్ళు తిప్పకుండా ఎక్కాను.

పైకి చేరాక వేపచెట్టు కింద కూర్చోబెట్టి, ఆయన కాలు నా ఒళ్ళోకి తీసుకున్నాను. తువ్వాలు విప్పుతుంటే దానితోపాటు తోలూ వచ్చింది. మా అత్తగారు మొహం తిప్పుకుంది. ఆయన మాత్రం ఎటో దూరంగా చూస్తున్నాడు. ఒక్కచోటైనా తెలియకపోతుందా అన్న ఆశ చావక, మడమ దగ్గర పచ్చిగా ఉన్న చోట బొటనవేలు ఆనించాను. మెల్లగా నొక్కాను. ఇంకాస్త నొక్కాను.

"చూస్తా కూర్చున్నావేందే?" అన్నాడు, ఆ దూరం వైపే చూస్తూ. "చెయ్యి పెట్టు. ఎక్కడ తెలుస్తందో నేను చెబుతాగా."