అమ్మకి దక్కని సగం ముక్క

ఆర్పిన కొవ్వొత్తి వాసన ఇంకా హాల్లోనే తిరుగుతోంది. మోకాళ్లు అరిగి చర్చికి వెళ్లలేని మా అమ్మ కోసం స్టెల్లా ఆంటీ ప్రతి ఆదివారం చిన్న గుండ్రటి డబ్బాలో సత్ప్రసాదం పెట్టుకుని పెండిల్ హిల్‌లోని మా ఇంటికి వస్తుంది. అమ్మ చెంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంటుంది. ఆంటీ ఆ పలచటి తెల్లబిళ్ల అమ్మ నాలుక మీద పెట్టి, ప్రార్థన చెప్పి, కొవ్వొత్తి ఆర్పేసి వెళ్లిపోతుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఒళ్లు మండుకొస్తుంది. నా చిన్నతనమంతా అమ్మకి అందకుండా దాచిపెట్టిన బిళ్ల అది.

అమ్మది గుంటూరు వైపు కతోలిక కుటుంబం. నాన్నేమో వెంకన్నస్వామి భక్తుడు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుని, అమ్మకి వెస్ట్‌మీడ్‌లో నర్సు ఉద్యోగం వస్తే ఇద్దరూ దేశం దాటి ఇక్కడికొచ్చారు. చర్చిలో జరగని పెళ్లి ఫాదర్ల లెక్కలో పెళ్లే కాదు, కాబట్టి అమ్మ పాపంలో కాపురం చేస్తోంది, కాబట్టి ఆమెకి సత్ప్రసాదం లేదు. చర్చి హాలు ఊడ్చవచ్చు, పాటలు పాడవచ్చు, చర్చి పండగకి చెమటలు కక్కుతూ సమోసాలు వేయించవచ్చు, ఆ ఒక్కటీ మాత్రం తినకూడదు. ఎంత దయ! ఫాదర్ ముందు మళ్లీ ప్రమాణాలు చేస్తే అంతా సర్దుకుంటుందన్నారు. "అంటే ఇన్నాళ్లూ మనది పెళ్లి కాదని నా నోటితో నేనే ఒప్పుకోవాలా?" అన్నాడు నాన్న. అమ్మ ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

చలికాలం ఆదివారాల్లో కారు అద్దం మీద మంచు పేరుకుంటే నాన్న గోరువెచ్చటి నీళ్లు పోసి కరిగించేవాడు, అమ్మ కాఫీ కూడా తాగకుండా వెనక సీట్లో నా జడలకి రిబ్బన్లు కట్టేది. సత్ప్రసాదం తీసుకునేవాళ్లు ముందు ఏమీ తినకూడదు కదా. తీసుకోని అమ్మ కూడా ఆ ఉపవాసం ఎందుకుండేదో నాకు అర్థమయ్యేది కాదు, తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది. చర్చిలో పూజ అయ్యేదాకా నాన్న కారులోనే పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. ఆయన ఒళ్లో స్టీలు డబ్బాలో శనివారం గుడి నుంచి తెచ్చిన పులిహోర ఉండేది. గుళ్లో ఎవరు ప్రసాదం తీసుకున్నా, రాలేనివాళ్ల కోసం ఇంకో దొన్నె అడిగి తెచ్చేవాళ్లు, అది ఎవరికని అడిగినవాళ్లు లేరు. అమ్మ రోజు మొత్తంలో మొదటి ముద్ద కారు పార్కింగులో, కరివేపాకు, ఇంగువ వాసనల మధ్య తినేది.

మా ఆటల్లో కూడా పూజే ఉండేది. చర్చి హాలు వెనక మేము బ్రెడ్డు ముక్కల్ని సీసా మూతతో గుండ్రంగా కోసి, ఒకరు ఫాదరై, మిగతావాళ్లు వరసగా నిలబడి తినేవాళ్లం. ఇక్కడి డిసెంబరు మండుటెండలో క్రిస్మస్ అరిసెలు నాన్న పెరట్లో మాంసం కాల్చుకునే బార్బీ పొయ్యి మీద మూకుడు పెట్టి వేసేవాడు, ఇంట్లో వేస్తే పొగ అలారం మోగేదని. బెల్లం వాసనకి పక్కింటి పిల్లలు కంచె మీద వేలాడేవాళ్లు. మా ఆటలో గానీ, నాన్న మూకుడు దగ్గర గానీ ఎవరినీ వద్దనడం ఉండేది కాదు.

మాకు జ్ఞానోపదేశం చెప్పింది ఈ స్టెల్లా ఆంటీయే. అది గుర్తు కాదు, ఉత్త రొట్టె అసలే కాదు, ఫాదర్ "ఇది నా శరీరము" అన్నాక రూపం, రుచి తప్ప రొట్టెది ఏమీ మిగలదు, ఉన్నదంతా ప్రభువే అని చెప్పింది. విరిచినా ఆయన విరగడట, చిన్న పలుకు రాలినా అందులో పూర్తిగా ఉంటాడట. ఎనిమిదేళ్ల నేను ఆ మాటని అక్షరాలా నమ్మాను.

అందుకే నా మొదటి సత్ప్రసాదం రోజున, తెల్ల గౌను వేసుకుని, చేతిలో పెట్టిన బిళ్లని రెండుగా విరిచి, సగం నోట్లో వేసుకుని, మిగతా సగం పట్టుకుని అమ్మ బెంచీ దగ్గరికి నడిచాను. ప్రసాదమంటే మా ఇంట్లో అంతే కదా, వెళ్లలేనివాళ్లకి తేవాలి.

ఆంటీ పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "ఏయ్, ఏంటిది? ముందు నోట్లో పెట్టుకో!"

"ఇట్స్ ఫర్ అమ్మ," అన్నాను.

"అమ్మకి ఇవ్వకూడదు, నాన్నా."

"బట్ యూ సెడ్, చిన్న పీస్‌లో కూడా హోల్ జీసస్ ఉంటాడని!"

ఆంటీ నా మణికట్టు వదల్లేదు. అమ్మ పెదవులు అప్పటికే కొంచెం తెరుచుకున్నాయి, అది నేను చూశాను. చుట్టూ తలలు తిరిగేసరికి ఆమె నోరు మూసుకుని, ఆ సగం ముక్క నా చేతిలోంచి తీసి నా నోట్లోనే పెట్టేసింది. "నువ్వు తినమ్మా, నీదే." బిళ్ల తగిలిన ఆ వేళ్లని పిడికిట్లో దాచుకుని కారు దాకా వచ్చింది. నాన్న డబ్బా తెరిచి, "దా, తిను ముందు," అన్నా పిడికిలి విప్పలేదు. నాన్న తనే ముద్దలు చేసి తినిపించాడు.

నాన్న పోయాక ఫాదర్ ఇంటికొచ్చి, తన ముందు పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంటే ఇక సత్ప్రసాదం తీసుకోవచ్చని, అడ్డేమీ లేదని ఎంతో మెత్తగా చెప్పాడు. అడ్డు అంటే మా నాన్న. ఆ మాట విన్నాక నేను చర్చి గడప తొక్కలేదు. మేము ఆడుకున్న ఆ హాలు పడగొట్టి ఫ్లాట్లు కట్టారు, మూకుడు పెట్టిన బార్బీ తుప్పు పట్టింది, మా కారు ఎప్పుడో అమ్మేశాం. తన దేవుణ్ణి తినడానికి తన మొగుడు చచ్చేదాకా ఆగమన్న మతాన్ని అమ్మ క్షమించింది. నేను క్షమించలేదు.

ఇందాక ఆంటీ వెళ్లగానే అమ్మ చెంగు దించుకుని, "ఆకలేస్తోందే," అంది. పొద్దుట కలిపిన పులిహోర తెచ్చి నేనే ముద్ద చేసి పెట్టాను. సత్ప్రసాదానికి మూసుకున్నట్టే కళ్లు మూసుకుని నోరు తెరిచింది. నిదానంగా నమిలి మింగింది.

"మీ నాన్న చేతి ముద్దలా లేదే," అంది.