చిరుతకు భయం నేర్పిన కాంపౌండర్

మా కాంపౌండర్ పోయారని మొన్న ఉదయం ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పశువుల క్లినిక్ తెరిచిన రోజు నుంచి, మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉండిపోయేదాకా నా దగ్గరే పనిచేశారు. కాలేజీలో చదివి డాక్టర్నయ్యాను గానీ, పని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

పోచంపల్లి వైపు మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. క్లినిక్‌కు వచ్చిన ప్రతి కుక్కతోనూ కబుర్లే. సూది వేసేముందు దాని ఇంటి సంగతులన్నీ దాన్నే అడిగేవారు. యజమానులు ఇబ్బందిగా నవ్వేవారు. అంత మాటకారి, చిరుత పిల్ల దగ్గర మాత్రం నోరు మెదపలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఒక క్వారీలో, వెనక కాలు విరిగి, తల్లి జాడ లేని చిరుత పిల్ల దొరికింది. అటవీ శాఖవాళ్లు దాన్ని దగ్గర్లోని షెడ్డులో ఉంచి మమ్మల్ని పిలిచారు. కాలు నేను కట్టాను. మిగతాదంతా ఆయన చూశారు. లోపలికి వెళ్లాలంటే, మనిషి వాసన తగలకుండా, మేకల దొడ్డిలో పడేసి ఉంచిన గొంగడి ముఖం మీదుగా కప్పుకోవాలి. మాంసం గోడ కన్నంలోంచి తోసి వచ్చేయాలి. ఒంటికి సబ్బు వాసన ఉండకూడదు, గొంతు వినపడకూడదు. మనిషికి మాలిమి అయిందంటే ఇక అడవిలో వదలలేం, బతుకంతా బోనే అని ఒకటికి పదిసార్లు చెప్పారు.

అంతలో బస్సులు బందయ్యాయి. ఆయన ఎల్‌బీ నగర్‌లో దీక్షా శిబిరంలో కూర్చున్నారు. వారం పాటు స్కూటర్ మీద నేనే వెళ్లాను. రోడ్డు మీద బైఠాయించినవాళ్లు ఆపితే ఆయనే లేచొచ్చి నన్ను పంపించేవారు.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఇల్లు అమ్మేసి వెళ్లిపోదామని నాన్న రోజూ అనేవారు. నేను పుట్టింది ఇక్కడే. ఈ దిగులు ఎవరితో చెప్పుకోవాలో తెలియక, గొంగడి తీసి పక్కన పెట్టి, దానికీ నాకూ మధ్యనున్న ఇనుప జాలీ ముందు కూర్చుని చిరుత పిల్లతో చెప్పుకున్నాను. మూడు రోజులకల్లా అది నా గొంతు వినగానే కుంటుకుంటూ వచ్చి జాలీకి ఒళ్లు రుద్దేది. నాకు ఎంత హాయిగా ఉండేదో, ఆ మాట దాచను.

ఎనిమిదో రోజు ఆయన వచ్చి, అది నా దగ్గరికి రావడం చూశారు. బయటికొచ్చాక గానీ మాట్లాడలేదు.

"గిదేంది డాక్టరమ్మా? కాలు మీరే కట్టిండ్రు, బోను గూడ మీరే కడ్తున్నరు."

ఏడుపు ఆగలేదు. ఉన్నదంతా చెప్పేశాను. ఆయన గొంగడి దులిపి నా చేతికిచ్చారు.

"భయం మీది. దానికెందుకు చెప్తరు? నాకు చెప్పుండ్రి. తెలంగాణ రావాలంటున్న గని, మిమ్మల్ని పొమ్మంటలేను గద."

ఆ ఆదివారం మా ఇంటికొచ్చి నాన్నతో రెండు గంటలు కూర్చున్నారు. ఇల్లు అమ్మలేదు.

చిరుత పిల్ల సంగతి మాత్రం నన్నే సరిదిద్దమన్నారు. రోజూ అదే గొంతుతో పిలవాలి. అది దగ్గరికి రాగానే రేకు డబ్బా వాయించి బెదరగొట్టాలి. మొదట్లో అది కదలకుండా నా ముఖంలోకే చూసేది. నా చెయ్యి ఆగిపోతే, ఇంకోసారి అన్నట్టు ఆయన ఒక వేలు చూపేవారు. నెలలు పట్టింది. ఆయన మీద కోపంతో అన్నం మానేసిన రోజులున్నాయి.

ఏడాది దాటాక, కాలు అతుక్కుని, అటవీ శాఖవాళ్ల కంచెలో వేట కూడా అలవాటయ్యాక, నల్లమలకు తీసుకెళ్లాం. బోను తలుపు ఎత్తినా అది బయటికి రాలేదు. ఎంతసేపైనా రాలేదు. జీపులో నా పక్కనున్న ఆయన మెల్లగా, "పిలువుండ్రి" అన్నారు.

అది నా వైపు వచ్చిందంటే, మళ్లీ వెనక్కి తీసుకుపోవడమే.

పిలిచాను. నా కష్టాలు చెప్పుకున్న గొంతుతోనే పిలిచాను.

దాని చెవులు వెనక్కి వాలాయి. పళ్లు బయటపెట్టి గుర్రుమని, ఒక్క దూకులో బయటపడి, మాకు అవతలి దిక్కుగా నిలువెత్తు బోదగడ్డిలోకి పారిపోయింది. ఒక్కసారైనా తిరిగి చూడలేదు. అంత సంతోషమూ అంత బాధా నాకు మళ్లీ ఎప్పుడూ ఒకేసారి కలగలేదు. ఆయన కళ్లు తుడుచుకోవడం కూడా మరిచి అటే చూస్తున్నారు. గడ్డి చివర్లు కొండవైపుగా కదులుతూ కదులుతూ పోయి, ఆగిపోయాయి.