సూర్యకళ టీచర్ పది వాక్యాలు

నాచారంలోని ఆ ఇంగ్లిష్ మీడియం బడిలో సూర్యకళ టీచర్ పంతొమ్మిదేళ్లుగా వాక్యాలు కలుపుతూనే ఉంది. అండ్, బట్, బికాజ్, ఆల్దో. బోర్డు మీద రెండు ముక్కలు రాస్తే, మధ్యలో ఏది పెట్టాలో పిల్లలు గొంతు చించుకుని అరుస్తారు. రోజుకు పది కొత్త మాటలు, అర్థాలతో సహా కంఠతా రావాలి. ఎవరైనా తడబడితే నిలబెట్టి, ఆమె అనేది ఒకటే మాట: "మల్ల మొదటి సంది చెప్పు." ఆమె క్లాసుకు మార్కులు తగ్గిన ఏడాది లేదు. మార్కులు వస్తుంటే టీచరుకు ఇంగ్లిష్ మాట్లాడటం వచ్చా అని అడిగే తీరిక ఎవరికుంది?

ఆమెకు రాదు. వ్యాకరణమంతా చేతిలో ఉంది, నోరు తెరిస్తే మాత్రం తెలుగే. ఇన్నాళ్లూ ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

ఈ ఏడు బడి చేతులు మారింది. కొత్త ప్రిన్సిపాల్ బిందుమాధవి కోస్తా మనిషి, మర్యాదగానే చెప్పింది. "శనివారం పేరెంట్స్ వస్తారండీ. ప్రతి టీచరూ రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడాలి. మాట్లాడలేనివాళ్లని ఇక ఉంచుకోలేం."

మల్లాపూర్‌లో భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఏడాదయింది. ఇంటికి ఆమె ఉద్యోగమే దిక్కు. సూర్యకళ పది వాక్యాలు రాసుకుంది. వెతికినా తప్పు దొరకదు. వంట చేస్తూ, ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడి, పెదాలు కదుపుతూ బట్టీ పట్టింది. ఇంతమందికి పనికొచ్చిన పద్ధతి తనకు పనికిరాదా అనుకుంది పాపం.

శనివారం ఆరు వాక్యాలు గడగడా వచ్చాయి. ఏడోది ఆల్దోతో మొదలై అక్కడే ఆగిపోయింది. చెప్పాల్సింది తెలుగులో తెలుసు. ఇంగ్లిష్‌లో బట్టీ పట్టిన ముక్క గుర్తురాకుండా ముందుకెలా పోవాలో తెలియదు. హాలంతా ఆమెనే చూస్తోంది.

ముందు వరుసలో తల్లి పక్కన కూర్చున్న ఐదో తరగతి నీరజ ఆ అవస్థ చూడలేకపోయింది. సాయం చేద్దామనే మెల్లగా అంది. "టీచర్, మల్ల మొదటి సంది చెప్పుండ్రి."

ఎవరో నవ్వారు. సూర్యకళకు మాత్రం వేరే దారి ఎక్కడ తెలుసు? మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆరు వాక్యాలు వచ్చాయి. ఆల్దో దగ్గర మళ్లీ ఆగింది.

"చాలండీ, కూర్చోండి," అంది బిందుమాధవి.

సూర్యకళ కూర్చోలేదు. పంతొమ్మిదేళ్లలో ఎంతమంది పిల్లల్ని ఇలా నిలబెట్టిందో లెక్కే లేదు. వాళ్లలో ఒక్కరికైనా ఏడో వాక్యం దాటడం ఆమె నేర్పలేదు.