సొన కారేదాకా

మా పెదనాన్న పోయిన కబురు పెద్దమ్మే ఫోన్ చేసి చెప్పింది. మైలవరంలో నేను పనిచేసే బడిలో అప్పుడే ప్రార్థన అయింది. "మీ పెదనాన్న వెళ్ళిపోయారమ్మా. పొద్దున కాఫీ పట్టుకెళ్తే లేరు," అంది. ఏడవలేదు. "నిన్న కూడా తిట్టారు నన్ను," అంది.

బండి మీద రెడ్డిగూడెం వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. వచ్చినవాళ్ళలో సగం మందిది ఒకటే మాట: "పోన్లెండి, ఆవిడకి చెర వదిలింది." రెండేళ్ళుగా ఆయన్ని చూసినవాళ్ళు అలాగే అంటారు. ఆ ఇంట్లోనే ఉండే ఆయన మనవలిద్దరికీ తాతయ్యంటే గ్లాసులు విసిరే మనిషి, అంతే. నా ఏడుపంతా అక్కడే ఉంది. నలభై ఏళ్ళకు పైగా ఆయన కష్టపడి తెచ్చుకున్న మంచితనం రెండేళ్ళ జబ్బు కింద పడి కనపడకుండా పోతోంది. నేను చేయగలిగిందేమీ లేక ఇది రాస్తున్నాను.

మామిడికాయ కోసినప్పుడు ముచ్చిక దగ్గర సొన చిమ్ముతుంది. కాయ మీద పడితే నల్లటి మరక, ఒంటి మీద పడితే పుండు. అందుకని మా తోటల్లో ముచ్చిక విరిచిన కాయల్ని గడ్డి మీద బోర్లించి, సొనంతా కారిపోయాకే బుట్టకెత్తుతారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆగలేక ఒక చిన్నరసం కాయ ముచ్చికని పంటితో కొరికాను. పెదవి బొబ్బలెక్కింది. పెదనాన్న నీళ్ళతో కడిగి, కొబ్బరినూనె రాసి, "కాసేపు బోర్లిస్తే ఏం పోయేదే? కాయది తప్పు కాదు, సొనదీ తప్పు కాదు. నువ్వు ఆగలేదు, అదే తప్పు," అన్నాడు. తిట్టలేదు. అసలు ఆయన ఎవరినైనా తిట్టినట్టు నాకు జ్ఞాపకమే లేదు.

కానీ పెద్దమ్మ ఎడమ కనుబొమ్మ మీద ఒక గాటుంది. పెళ్ళయిన ఏడాది, కూరలో ఉప్పు చాల్లేదని ఆయన విసిరిన చెంబు తగిలిన గాటు. నాకు పెళ్ళి కుదిరినప్పుడు చెప్పింది. నేను నమ్మలేదు. "అప్పటి మనిషి వేరులేవే," అంది. చెంబు విసిరిన ఆ వారంలోనే కాయ కోతలు. బోర్లించిన కాయల ముందు ఆయన చాలాసేపు ఒక్కడే కూర్చుని ఇంటికి వచ్చాడట. ఇక అప్పట్నుంచి, కోపం వచ్చినప్పుడు అరుగు మీద ముక్కాలిపీట వేసుకుని, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, తల కిందికి వేలాడేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట్లో పదిసార్లు కోపమొస్తే రెండుసార్లే కూర్చునేవాడట. మిగతా ఎనిమిదిసార్లూ ఇల్లెగిరిపోయేది. మరుసటేడు మూడు, ఆ తర్వాత అయిదు. నాకు ఊహ తెలిసేనాటికి పదికి పదీ.

ఆ పీట సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. "అయ్యగారు బోర్లించుకున్నారు, మనం టీ తాగొద్దాం పదండి," అని నవ్వుకునేవాళ్ళు. ఒకసారి చెట్టు మీంచి తాడుతో దించుతున్న బంగినపల్లి బుట్ట ధడాల్న కింద పడి కాయలన్నీ చితికిపోయాయి. పెదనాన్న పీట దగ్గరికి నడిచాడు. దించుతున్న కూలీ, మీసాలు నెరిసినవాడు, వెనకాలే వెళ్ళి, "తిట్టెయ్యండయ్యా, మీరట్టా కూర్చుంటే చూళ్ళేకపోతున్నా," అని బతిమాలాడు. పావుగంటకి పెదనాన్న తలెత్తి, "తాడు పాతదిరా. నేనే మార్చాల్సింది," అన్నాడు.

నాదీ అదే రక్తం. నోరు ముందు, నేను వెనక. అత్తగారింట్లో మాటా మాటా అనుకుని వచ్చినప్పుడల్లా ఆ పీట నా వైపు జరిపేవాడు. "జన్మంతా కోపం మానెయ్యమని ఎవరన్నారే నిన్ను? ఈ ఒక్కసారికి కూర్చో. నేనూ ఎప్పుడూ ఈ ఒక్కసారికే కూర్చుంటా."

జబ్బు మెల్లిగా వచ్చింది. మొదట పూత వచ్చిందా అని పూటకి పదిసార్లు అడిగేవాడు. తర్వాత మా పేర్లు పోయాయి. ఒకరోజు నా కళ్ళముందే పెద్దమ్మని అనరాని మాట అని, చేతిలో గ్లాసు విసిరాడు. గోడకి తగిలింది. పెద్దమ్మ చెయ్యి దానంతటదే కనుబొమ్మ మీదికి వెళ్ళింది. "ఆ మనిషి మళ్ళీ వచ్చాడే," అంది. "ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కున్నాడో."

విజయవాడ డాక్టరుగారు ఈ జబ్బు తీరే ఇంత అన్నారు. మందు వేస్తే పడుకునేవాడు, లేస్తే అరిచేవాడు. నేను ఆదివారాలు వెళ్ళి పీట తెచ్చి ముందు పెట్టి, "పెదనాన్నా, ఈ ఒక్కసారికి కూర్చో," అనేదాన్ని. ఒకసారి దాన్ని కాలితో తన్నాడు. మనవలిద్దరూ తలుపు వెనక్కి పరిగెత్తారు. పూటపూటా ఆగి ఆగి సంపాదించుకున్నది అలా చేజారిపోతుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియలేదు.

మొన్న వాకిట్లో ఆ చెర మాట విన్నప్పుడు నాకు నోటిదాకా వచ్చింది. వెళ్ళి పీట మీద కూర్చుని తల దించుకున్నాను. ఎంతసేపు కూర్చున్నా నా సొన కారలేదు. పెద్దమ్మ వచ్చి నా పక్కన అరుగు మీద చతికిలబడింది. పోయిన బుధవారం సంగతి అప్పుడు చెప్పింది.

జావ తాగిస్తుంటే ఆయన చెయ్యి ఎత్తారట, కొట్టడానికే. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన మంచం అంచుకి జరిగి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, తల కిందికి వేలాడేసి ఉన్నారు. ఎదురుగా ఉన్నది ఎవరో ఆయనకి తెలియదు. తనెందుకలా కూర్చున్నారో తెలియదు.

"పిల్లలకి చూపిద్దామంటే ఇద్దరూ బడికెళ్ళారే," అంది పెద్దమ్మ. "మర్నాడు మళ్ళీ మామూలే. ఆ ఒక్కసారే."

"నువ్వేం చేశావ్ పెద్దమ్మా?"

"ఏం చేస్తాను? కదిలితే ఎక్కడ లేచిపోతారోనని ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు."

జావ చల్లారి మీగడ కట్టింది. ఆయన మెడ వెనక ఎముకలు పైకి తేలి ఉన్నాయి. గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని, ఆ వంగిన తల ముందు, అది లేచేదాకా ఆవిడ అలాగే నిలబడింది.