ఎండ్రికాయ బొక్కలు

బోధన్ సంతలో ఎండ్రికాయల బురద వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఏడో తరగతిలో సైన్సు సారు నత్తలకు, పురుగులకు, ఎండ్రికాయలకు వెన్నెముకే కాదు, ఒంట్లో ఒక్క ఎముకా ఉండదన్నాడు. నేను లేచి, "ఉంటయి సార్, కూరల మేం బొక్కలు నములుతం," అన్నాను.

"ఎండ్రికాయలు తినే కొంపల పుట్టి నాకే పాఠం చెప్తవా?" అంటూ బెత్తం విరిగేదాకా కొట్టాడు. క్లాసంతా నవ్వింది.

సాయంత్రం అవ్వ చెరుకుతోట కాలువలో పట్టి తెచ్చిన ఎండ్రికాయను రాయితో పగలగొట్టాను.

"కూరకు తెస్తే ఆగం జేసినవ్ గదనే!" అని అవ్వ అరిచింది.

లోపలంతా మెత్తటి మాంసమే. ఇన్నాళ్లూ నేను నమిలింది పైపెంకు.

సారు చెప్పింది నిజమే. ఆ నిజం చెప్పడానికి మా ఇంటి కూరను తిట్టాల్సిన పనేముంది? సారే తప్పు చెప్పి కొట్టి ఉంటే, తెలియక కొట్టాడని ఎప్పుడో మరిచిపోయేదాన్ని.