చాచా వేలు తప్పలేదు

శుక్రవారం. తెల్లారి కుళాయి నీళ్లు పట్టాను, పదహారు జొన్నరొట్టెలు కాల్చాను, దుప్పట్లు ఉతికి మేడ మీద ఆరేశాను. బియ్యంలో రాళ్లు ఏరుతుండగా పక్కింటి చాచా పోయారని చాచీ గోడ మీదుగా చెప్పింది. చేట అక్కడే పెట్టి వెళ్లాను.

చాచా కర్నూలు పాతబస్తీలో రేకు డబ్బాలు, గరాటులు చేసేవారు. ఎన్నికలొస్తే అదే రేకుతో అన్ని పార్టీలకూ బ్యాడ్జీలు కోసేవారు. మా వీధిలో వాటిని బిళ్ళలనే అంటాం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో వాలంటీర్లు చొక్కాలకు పెట్టుకున్న బిళ్ళలు వాళ్ల నాయన చేసినవి. అప్పటికి చాచా కుర్రవాడు, వెనక సూదులు అతికేవాడు. అందుకే పాత బిళ్ళలు కొనేవాళ్లు, చేతికొచ్చింది ఏ కాలానిదో తేల్చుకోవడానికి కడప నుంచి కూడా ఆయన దగ్గరికే వచ్చేవారు.

చూపు మందగించాక ఆయన వేలితోనే చూసేవారు. ముందు సూది అతుకు, తర్వాత అంచు. అంచు చుట్టూ ఒక్కసారే తడిమేవారు. "రెండోసారి తడిమితే వేలు చెప్పదు బేటీ, ఆశ చెప్తాది" అనేవారు. నేను పక్కన కూర్చుని రంగు, కొలత, సూది రకం పుస్తకంలో ఎక్కించి, చివర 'అసలుది' అనో 'తర్వాతది' అనో రాసేదాన్ని. కింద ఆయన ఉర్దూలో సంతకం పెట్టేవారు. తర్వాత చేసినదాన్ని ఏనాడూ దొంగ బిళ్ళ అననిచ్చేవారు కాదు. "అదేం దొంగతనం చేసింది? దాని వయసు దానికి ఉండాది. ఎక్కువ చేసి చెప్పేది మనమే."

పోయిన ఏడు కోసిగి నుంచి ఒకామె వచ్చింది. వాళ్ల మామ దాచుకున్న వాలంటీర్ బిళ్ళ కొంగు ముడిలో ఉంది. అది రాజధాని రోజులదని చాచా రాసిస్తే కడప సేటు మంచి ధరకు కొంటానన్నాడు. అమ్ముడుపోతే ఆ ఏడు ఆమె మిరపకోతకు గుంటూరు పోనక్కర్లేదు, ఇద్దరు పిల్లలూ బడి మానక్కర్లేదు. ఆమె లోపల చాచీ ఇచ్చిన టీ తాగుతుండగా చాచా బిళ్ళ తడిమారు.

"ఇది నేను కోసిందే. నాయన పోయినంక కత్తెరకు పెచ్చు లేచింది. అప్పటి నుంచి కోసిన ప్రతిదానికీ అంచులో గాటు పడతాది. ఇదో, ఈడ. అచ్చు పాతదే, రేకు మటుకు శానా ఏండ్ల తర్వాతది."

"అసలుదంటే ఏం పోతాది చాచా?"

"నా చేతి పని నాది కాదంటే, ఇంక నాది ఏముండాది? రాయి. ఆమెకు నువ్వే మెల్లగా చెప్పు."

నేను 'అసలుది' అని రాశాను. ఆయన సంతకం పెట్టారు. దానికి నకలు తీసి ఆమె చేతికిచ్చాను.

రెండు నెలలకు, ఆ బిళ్ళ కొన్న సేటు వచ్చాడు. తుప్పు పోవాలని కిరసనాయిలుతో తుడిస్తే బిళ్ళ వెనక పామాయిలు డబ్బా అక్షరాలు తేలాయట. "రాజధాని దినాల్లో పామాయిలు డబ్బా యాడిది చాచా?" అన్నాడు.

చాచా తల నా వైపు తిప్పారు. "వేలు మొద్దుబారింది సేటూ. నేనే తప్పు చెప్పినా."

సేటు వెళ్లాక, పోయి నిజం చెప్పేస్తానన్నాను. "ఆ పిల్లోళ్లు బడికి పోతాండారంట. ఊరుకో" అన్నారు. కొంచెం ఆగి, "ఇంక మీద నువ్వు రాసింది నాకు సదివి వినిపీ" అన్నారు.

చదివి వినిపించేంత పని మళ్లీ రాలేదు. ముసలాయనకు వేలు పోయిందన్న మాట కడప దాకా పాకింది. ఏడాదిపాటు ఆయన అరుగు మీద ఊరికే కూర్చున్నారు. అయినా రోజూ పొద్దున గోడ అవతల నుంచి, "ఏం బేటీ, పప్పు లెక్క ఉప్పు లెక్క కుదిరినాయా?" అని నన్ను ఆటపట్టించేవారు. నేను నిజం చెప్పకుండా ఊరుకున్నాను. ఊరుకోమన్నారు కాబట్టి అని నాకు నేను చెప్పుకున్నాను.

చాచా పోయిన మూడో రోజు సేటు పలకరించడానికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాచీ లోపల పరదా వెనక ఉంది. పుస్తకం తెచ్చి కోసిగామె బిళ్ళ ఎక్కించిన పుట తీశాను.

"చాచా తర్వాతదనే చెప్పినారు. అసలుదని రాసింది నేను. ఆమెను ఏమీ అడగొద్దు, ఇచ్చేది ఉంటే నేనిస్తా."

సేటు పుస్తకం దగ్గరికి లాక్కుని ఆ వరుస చదివాడు. "దుడ్ల మాట ఎవరడిగినారమ్మా? ఆయప్పకు చెయ్యి పోయింది, బిళ్ళలు చూపియ్యొద్దని ఏడాది పొద్దూ ఊరూరా చెప్పింది నేను గదా" అన్నాడు. ఎవరెవరికి చెప్పాడో వాళ్లందరికీ మళ్లీ చెప్తానన్నాడు. నేను 'అసలుది' కొట్టేసి 'తర్వాతది' అని రాస్తే, కింద తనూ సంతకం పెట్టాడు.

"అయితే ఆయన వేలు బాగనే ఉండెనా?" పరదా వెనక నుంచి చాచీ అడిగింది. ఇన్నాళ్లూ ఆ వేలు పోయిన మాట ఆమె కూడా నమ్మిందని నాకు అప్పుడే తెలిసింది.

"బాగనే ఉండె చాచీ."

పరదా పక్క నుంచి చెయ్యి చాపింది. పుస్తకం ఇచ్చాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఆ పుటలో ఆమె చదవగలిగేది ఆయన సంతకం ఒక్కటే. దాన్ని చాలాసేపు చదివింది.

పుస్తకం తిరిగి నా చేతికొచ్చాక, తీరిన బాకీకి రాసినట్టు ఆ వరుస చివర 'చెల్లు' అని రాశాను.